అమ్మ తరఫున జవాబులు

మా అమ్మ మీనాక్షి పార్వతీపురం హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పింది. పుస్తకం చూడకుండా బోర్డు మీద ఆఫ్రికా మ్యాపు గీసేది. ఆ ఖండంలో అడుగుపెట్టే అవకాశం యాభై తొమ్మిదో ఏట వచ్చింది. అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా ఇంట్లో నాలుగు నెలలుంది. ఇంకో పన్నెండు రోజుల్లో మాతో కెన్యా సఫారీకి వచ్చి, అక్కడినుంచి నేరుగా ఇండియా వెళ్ళిపోవాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుప్పచ్చ కార్డు లేకపోతే ఇండియా ఎయిర్‌పోర్టులో ఆపి క్వారంటైన్‌లో పెడతారట. టీకా ప్రయాణానికి పది రోజుల ముందే పడాలి. దొరికిన అపాయింట్‌మెంట్ ఇదొక్కటే.

ఒంటిగంటకి నాకు మీటింగ్. క్లినిక్‌వాళ్ళు పంపిన ఫారం ఫోన్‌లోనే టకటకా నింపేశాను. అమ్మకి ఇంగ్లీష్ రాక కాదు. ఆమె ఒక్కో ప్రశ్నా చదివి ఆలోచించేలోపు నేను పది నింపగలను. అమ్మ విషయాలన్నీ నాకు తెలుసని నా ధీమా.

నర్సుకి అరవై ఏళ్ళుంటాయి. నింపాదిగా మాట్లాడుతోంది, నాకేమో ఒళ్ళు మండుతోంది. అమ్మ జబ్బ మీద దూది రాసి, సిరంజి చేతిలోకి తీసుకుని, ఫారం మరోసారి చూసింది.

"థైమస్ సమస్యలు ఏవీ లేవని రాశారు. కింద థైరాయిడ్ తీసేశారని రాశారు. అంతేనా?"

"అంతే. నా చిన్నప్పుడు. ఇప్పుడు షి ఈజ్ ఫైన్," అన్నాను.

"మరి రోజూ ఏ మాత్ర వేసుకుంటారు?"

"బీపీది ఒక్కటే."

సిరంజి ట్రేలో పెట్టేసింది. "థైరాయిడ్ మొత్తం తీసేస్తే జీవితాంతం మాత్ర వేసుకోవాలి. మెడ మీద మచ్చ కూడా లేదు. మీ అమ్మగారిని అడగండి."

గడియారం వైపు చూశాను. "అమ్మా, ఆపరేషన్ మచ్చ ఎక్కడుందో అడుగుతోంది. త్వరగా చెప్పు, నాకు కాల్ ఉంది."

అమ్మ పైట కాస్త పక్కకి జరిపింది. మెడ కింది గుంట దగ్గర మొదలై రొమ్ము ఎముక మీదుగా నిలువుగా దిగిన గీత. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. థైరాయిడ్ మెడలో ఉంటుందనీ నాకు తెలుసు. ఈ రెండూ కలిపి ఒక్కనాడూ ఆలోచించలేదు.

నర్సు డాక్టర్‌ని పిలుస్తానని ట్రే తీసుకుని బయటికి వెళ్ళింది.

"అమ్మా, నీకు ఏం తీసేశారు?"

"థైమస్ అనే అన్నాడమ్మా డాక్టరు, రొమ్ము ఎముక వెనకాల ఉండే గ్రంథట. ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. మీ నాన్న థైరాయిడ్ అనేశారు. అందరూ అదే అన్నారు, నేనూ అదే అన్నాను."

"ఎందుకు తీశారు?"

"కనురెప్పలు వాలిపోయేవి. చెయ్యెత్తి బోర్డు మీద రాయలేకపోయేదాన్ని. టీచరు నిద్రపోతందని పిల్లలు నవ్వేవారు. నీకప్పుడు మూడేళ్ళు."

డాక్టర్ వచ్చి అన్నీ అడిగి, తలుపు మూసి చెప్పాడు. ఈ టీకాలో ఉండేది బతికున్న వైరస్. కండరాల్లో బలం తగ్గిపోయే ఆ జబ్బుతో థైమస్ తీసేసినవాళ్ళకి వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ వేయకూడదు. టీకా లేకుండా కెన్యా వద్దు.

నాకు ఏడుపొచ్చింది. అర నిమిషం తేడా. ఆ అర నిమిషం కూడా నా చలవ కాదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగితే కదా. నన్నడిగినవాళ్ళకి కూడా నువ్వే చెప్పేస్తావు." కోపంగా అనలేదు. పైట సర్దుకుంటూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

తర్వాత డాక్టర్‌ని తనే అడిగింది, తన ఇంగ్లీష్‌లో: ఎల్లో ఫీవర్ లేకుండా సింహాలున్న దేశం ఏదీ? దక్షిణాఫ్రికా అన్నాడాయన. సింహాలుండే క్రూగర్ పార్కు ఆ దేశం ఈశాన్య మూల ఉందని అమ్మ నాతో అంది. అక్కడ మలేరియా ఉంది కాబట్టి మాత్రలు తప్పవు, ఆమె పాత జబ్బుకి కొన్ని పడవు, మళ్ళీ వివరాలు కావాలి అన్నాడు డాక్టర్.

నర్సు ఇంకో ఫారం, పెన్ను తెచ్చింది. అలవాటుగా అందుకున్నాను. మొదటి ప్రశ్న: ఇంతకుముందు ఎప్పుడైనా మలేరియా వచ్చిందా? లేదు అని రాయడానికి పెన్ను ఎత్తాను. ఆగి, ఫారం, పెన్ను అమ్మ ఒళ్ళో పెట్టాను. ఫోన్‌లో మీటింగ్ అలారం మోగుతుంటే నొక్కేశాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ప్రశ్న రెండుసార్లు చదువుకుని, నిదానంగా రాసింది: మూడుసార్లు.