గ్లాసుకో దయ్యం

మా టీక్యాకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. దయ్యం గురించి చెప్పకుండా గ్లాసు బల్ల మీద పెట్టడు.

మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర సీబ్రీజ్ బార్ అండ్ రెస్టారెంట్‌లో అతను కెప్టెన్, అంటే సర్వర్ల పెద్ద. మానుకోటకు సముద్రం ఎంత దూరమో మాత్రం అడక్కండి. యజమాని రంజిత్ హైదరాబాదులో కాక్‌టెయిల్స్ కలపడం నేర్చుకుని వచ్చాడు, పేరూ అక్కడి నుంచే మోసుకొచ్చాడు. బీరూ ఉడకబెట్టిన పల్లీలూ తప్ప ఎరగని మాకు నీలం రంగు డ్రింకు, అంచున నిమ్మచెక్క, పైన చిన్న కాగితపు గొడుగు పరిచయం చేశాడు. మొదట్లో సగం మంది ఆ గొడుగుల్ని పిల్లల కోసం జేబులో వేసుకుని పోయారు. డ్రింకు బ్రహ్మాండం, చికెన్ మెజెస్టిక్ అంతకంటే బ్రహ్మాండం. సర్వీసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలి.

నాది ఎదురుగా జిరాక్స్ షాపు. నేను పుట్టు పిరికివాణ్ణి. మొదటిసారి ఆ బార్లో కూర్చున్నప్పుడు టీక్యా వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, నల్ల కోటు, మీసాల కింద నుంచి నెమ్మదిగా వచ్చే గొంతు.

"ఇల్లు ఏడ సారూ?"

"పట్టాలకు ఆ పక్క."

"ఏ తొవ్వల పోతరు?"

"పట్టాలు దాటితే అయిదు నిమిషాలేగా."

టీక్యా చేతిలోని గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "పట్టాల మీదికెళ్లా? మల్ల... ఆమె?"

"ఎవరామె?"

"తెల్వదా? పోనియ్యి సారూ. మీరు తాగుండ్రి, ఐసు కరుగుతది."

ఇంక తాగడం ఏం పడుతుంది! చెప్పమని బతిమాలాను. అతను నా చెవి దగ్గరికి వంగాడు. "మునిమాపుల వస్తది సారూ. పట్టాల నడుమ కూసోని మెట్టెలు ఎతుక్కుంటది. ఎవలన్న దాటితే, 'అన్నా, జర సెల్లు లైటు కొడ్తవా?' అంటది."

"కొడితే?"

"కొట్టినోళ్లు మల్ల మా బార్‌కు రాలే సారూ."

ఆ సాయంత్రం నా మోకాళ్ల నొప్పులతోనే మెట్ల బ్రిడ్జి ఎక్కి, ఊరంతా చుట్టి ఇల్లు చేరాను. సెల్‌ఫోను జేబులోంచి తీస్తే ఒట్టు.

నా ఒక్కడికే ఈ మర్యాద దక్కిందేమో అనుకున్నాను. కాదు, ప్రతి బల్లకూ ఒక దయ్యం ఉంది. ఎరువుల దుకాణం సుదర్శన్ రోజూ బండి మీద కురవి రోడ్డున పోతాడు. అతని గ్లాసు పెడుతూ టీక్యా నిట్టూర్చాడు. "తాగి బండి నడిపితే ఎనక ముసల్ది ఎక్కుతది పటేలా. ఇల్లొచ్చినా దిగది. లోపలికే వస్తది."

"మా ఇంట్ల మా అత్త ఉన్నదే!" అన్నాడు సుదర్శన్ ధైర్యం తెచ్చుకుని.

"అట్లనైతే ఇద్దరైతరు."

సుదర్శన్ బండి తాళం బార్లోనే పెట్టి ఆటో ఎక్కాడు. అప్పటి నుంచీ అతను తాగిన రోజు బండి బార్ ముందు ఉంటుంది, తాగని రోజు ఇంటి ముందు ఉంటుంది. వాళ్లావిడకు లెక్క భలే తేలికైపోయింది.

చెరువుకట్ట మీది నుంచి పోయేవాళ్లకు కాళ్లు పట్టి లాగే పిల్లలు. సందులో మూత లేని మోరీ కాలువ పక్కనుంచి పోయేవాళ్లకు పేరు పెట్టి పిలిచే గొంతు. "నీలి డ్రింకు తాగినోళ్ల జోలికి జర ఎక్వ వస్తయి సారూ, తియ్యటి వాసనకు" అని రంజిత్ కలిపిన కళాఖండం మీద కూడా ఓ మాట అనేవాడు. జనం రెండో గ్లాసుకే వణుకుతూ లేచేవాళ్లు.

ఇంటర్నెట్లో మా సీబ్రీజ్ గురించి రాసినవి చదివి రంజిత్ తల పట్టుకునేవాడు. 'చికెన్ బాగుంది. డ్రింకు బాగుంది. సర్వీసు తర్వాత మూడు రోజులు నిద్ర లేదు' అని ఒకరు. 'కుటుంబంతో వెళ్లదగిన చోటు, ఒంటరిగా మాత్రం పోకండి' అని ఇంకొకరు.

ఒక రోజు అందరి ముందే రంజిత్ పేలిపోయాడు. "టీక్యన్నా, ఇది బారా, బొందలగడ్డనా? ఇంకొక్క దయ్యం నీ నోట్లకెళ్లి వచ్చిందనుకో, నీ కొలువు పోయినట్టే."

టీక్యా తల వంచుకున్నాడు. అతని బిడ్డ హన్మకొండలో నర్సింగు చదువుతోంది, ఆ కొలువు మీదే. "సరే సేటు" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి బార్ కళకళలాడింది. మూడో గ్లాసు, నాలుగో గ్లాసు. టీక్యా మాత్రం చెరసాలలో ఉన్నట్టు తిరిగాడు. గ్లాసు పెడతాడు, నోరు తెరుస్తాడు, గల్లా దగ్గర కూర్చున్న రంజిత్ వైపు చూస్తాడు, నోరు మూస్తాడు. మధ్యలో ఎటో మాయమయ్యేవాడు కూడా. ఇటు బల్లలు మొత్తుకుంటుంటే చెమటలు కక్కుతూ తిరిగొచ్చేవాడు. వేరే బార్లో కుదురుకుంటున్నాడని రంజిత్ అనుమానం.

ఆ రోజు ముసురు. అప్పుడే దీపాలు పెడుతున్నారు. మా పక్క బల్ల మీద ఇన్సూరెన్స్ ఏజెంట్ రాజేశ్, వరసగా నీలివి ఖాళీ చేసి తూలుతూ లేచాడు. "పట్టాలు దాటితే ఇల్లే!" అన్నాడు. టీక్యా నోరు తెరిచాడు. రంజిత్ కళ్లెర్ర చేశాడు. టీక్యా మూసుకున్నాడు.

రాజేశ్ గడప దాటాడో లేదో, ఎవరిదో వేడి వేడి చికెన్ ఉన్న ట్రేను నా ముందు పడేసి టీక్యా పరుగు తీశాడు.

"సూడు, పారిపోతున్నడు! ఇయ్యాల దొరకబడ్త," అని రంజిత్ నా చెయ్యి పట్టి లాగాడు. రానంటే ఊరుకోలేదు.

వానలో కాలిదారి జారుతోంది. పట్టాల వైపు పోతున్నామని తెలిసేసరికి నా ప్రాణాలు పైకే పోయాయి. ఎదురుగా మసక వెలుతురు. కంకర మీద రెండు ఆకారాలు కలబడుతున్నాయి. కెవ్వుమన్నాను. చూస్తే దయ్యం కాదు, రాజేశ్‌ను వెనక నుంచి వాటేసుకుని టీక్యా. ఇద్దరూ వెనక్కి పడ్డారు. అంతలోనే హారన్. వాళ్ల కాళ్లకు మూరెడు దూరంలో రైలు దూసుకుపోయింది. ఆ గాలికి నా కళ్లద్దాలు ఎగిరిపోయాయి. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, ఎంతకీ అయిపోదే! అంత భయం నేను జన్మలో ఎరగను.

రైలు పోయాక రాజేశ్ లేచి బురద తుడుచుకున్నాడు. "ఏందే నీ లొల్లి? నేను పచ్చ లైటు పడ్డంకనే దాటుతున్న కదనే!"

"పచ్చ లైటు రైలుకు పడ్డది సారూ," అన్నాడు టీక్యా.

రాజేశ్ అక్కడే కూలబడ్డాడు. నలుగురం మెట్ల బ్రిడ్జి వైపు నడిచాం. రాజేశ్ ఒక చెయ్యి టీక్యా పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి రంజిత్ పట్టుకున్నాడు. నేను టీక్యా కోటు పట్టుకున్నాను.

"రోజూ గిందుకేనా మాయమైతున్నవు?" అన్నాడు రంజిత్.

"దయ్యాలు వద్దంటివి సేటు. ఒక్కొక్కల్ని నేనే పట్టుకపోయి బ్రిడ్జి దాటిస్తున్న."

"టీక్యా, ఆ మెట్టెల ఆమె..." కోటు వదలకుండానే అడిగాను.

"యాడి దయ్యాలు సారూ! తాగినోనికి 'రైలొస్తది, పైలం' అంటే, 'నాకు తెల్వదా' అని కోపానికొస్తడు. దయ్యమున్నదంటే సక్కగ బ్రిడ్జి ఎక్కుతడు."

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. చెరువుకట్ట, మోరీ, బండి, పట్టాలు. మనిషి ప్రాణం పోయే చోటల్లా చూసి ఒక్కో దయ్యాన్ని కాపలా పెట్టాడు మహానుభావుడు. నాకు అతని మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, చీకట్లో ఆ కోటు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

బ్రిడ్జి మీద రంజిత్ రాజేశ్‌ను ఒక్కో మెట్టే దింపాడు. చివరి మెట్టు దిగాక అన్నాడు. "టీక్యన్నా, రేపటి సంది నీ దయ్యాలు నువ్వు చెప్పుకో."

"గిరాకి పోతది సేటు."

"పోనీ. కాళ్ల మీద పోయినోళ్లు కాళ్ల మీదనే మల్ల వస్తరు."

ఇప్పుడు నాకు దయ్యాలంటే భయం లేదు, రైలంటే ఉంది. కొత్త కస్టమర్ దగ్గర టీక్యా వంగి గొంతు తగ్గించాడంటే చాలు, నా గ్లాసు పట్టుకుని నేనూ ఆ బల్ల దగ్గరికి చేరతాను. వాళ్లు నమ్మలేనట్టు చూస్తే, "నిజమే సార్, నేను కండ్లార చూసిన" అని దేవుని మీద ఒట్టేసి చెబుతాను.