నేను మహారాణినైన ఆదివారం

ఆ రోజుల్లో లోకంలోని అన్యాయాలన్నిటిలోకి పెద్దది నా చేతికి కత్తి ఇవ్వకపోవడమే అనిపించేది (అట్టముక్క మీద గీసిన కత్తే అనుకోండి, అయినా కత్తి కత్తే కదా!). మా ఊరు మోస్రా. డిగ్రీ చదవడానికి నిజామాబాద్ వచ్చి కంఠేశ్వర్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, ఇంటర్నెట్‌లో చూసి సొంతంగా ఒక ఆట తయారుచేశాడు. డ్రాయింగ్ షీటు మీద ఒక రాజ్యం, ఆ చివర అడవిలో డ్రాగన్, చేతిలో పాచికలు, ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. అన్నేమో వీరుడు. బోధన్ నుంచి ప్రతి ఆదివారం వచ్చే అతని దోస్తు మాంత్రికుడు (మూతి మీద మీసమైనా లేదు, పాత్రకు మాత్రం మోకాళ్ల దాకా గడ్డం). మూడో మనిషి కావలసివచ్చి నన్ను పిలిచారు.

"నువ్వు రాణివి. కోటల కూసో," అన్నాడు అన్న.

"నాకు గూడ కత్తి కావాలె. నేను గూడ డ్రాగన్ మీదికొస్త."

"పాతకాలంల ఆడోళ్లు యుద్ధాలకు పోలే చెల్లె. చరిత్రను మార్చొద్దు."

"మరి మంటలు కక్కే డ్రాగన్ ఏ చరిత్రల ఉన్నదే అన్నా?"

"గది కల్పన. రెండు కలపకు," అని పాచికలు వేసేశాడు.

చేసేదిలేక కోటలో కూర్చున్నాను. వాళ్లిద్దరూ నదులు దాటారు, రాక్షసులను నరికారు, అరిచి అరిచి అలసిపోయారు. చివరికి డ్రాగన్ గుహ ముందు నిలబడి, తిండి అయిపోయిందని, కోట నుంచి ధాన్యం పంపమని అన్న ఆజ్ఞాపించాడు. అప్పుడే పెద్దమ్మ చాయ్ పట్టుకొని వచ్చింది.

"పెద్దమ్మా, పాతకాలంల గింజల కొట్టు తాళాలు ఎవ్వరి దగ్గర ఉంటుండె?" అని అడిగాను.

"ఇంకెవ్వరి దగ్గర బిడ్డా, ఇంటామె బొడ్డుల్నే."

"విన్నవా అన్నా? చరిత్రను మార్చొద్దు. నేను తాళం తియ్య."

బోధన్ దోస్తుకు నవ్వు ఆపుకోలేక చాయ్ పొలమారింది. అన్న బతిమాలాడు, బెదిరించాడు, చివరికి "అమ్మా, నువ్వన్న చెప్పే!" అన్నాడు. పెద్దమ్మ ఖాళీ గ్లాసులు తీసుకొని వెళ్లిపోయింది. ఆకలికి తాళలేక వీరులిద్దరూ వెనక్కి వచ్చారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఓడినట్టేనని నియమం రాసింది అన్నే. గెలిచినవాళ్లు మరుసటి వారం నియమాలు రాయాలని కూడా అతనే రాశాడు.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఆదివారం రాగానే రాణికి కత్తి, డాలు, తెల్ల గుర్రం ఇచ్చుకున్నాను. కోట తలుపులు తీయించాను. మొదటి వాగు దగ్గరే ఒక ముసలి తోడేలు నన్ను తినేసింది.

"సూసినవా? అందుకే ఆడోళ్లను..." అని అన్న మొదలుపెట్టాడు.

"ఊకోరా. పోయిన నెల నన్ను గూడ గదే తోడేలు తిన్నది," అన్నాడు దోస్తు.

నేను చాప మీద వెల్లకిలా పడి, కత్తి గుండెల మీద పెట్టుకొని, చచ్చిన రాణిలా కళ్లు మూసుకుందామనుకున్నాను. నవ్వు ఆగితే కదా! ఇప్పుడు ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక ఫోన్‌లో ఆడుతుంటాను. ఏ కత్తి కావాలంటే అది, ఏ వీరనారి కావాలంటే ఆమె. గెలుస్తాను కూడా. అయినా ఆ చాప మీది పిల్ల గుర్తొస్తే కొంచెం అసూయే. అంత సంతోషంగా ఓడిపోవడం నాకు మళ్లీ చేతకాలేదు.