వంశీకృష్ణ బండికి రెండో జత చక్రాలు

షోళింగనల్లూరులో తంగమ్మ ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తోంది. అయినా కొత్తగా వచ్చిన ప్రతివాడూ "మెకానిక్ ఎక్కడ?" అని ఆమెనే అడుగుతాడు. వంశీకృష్ణ అలా అడగలేదు. వీడియోలు చూసి వచ్చాడు గనక మెకానిక్ తానే అనుకున్నాడు.

అతని బండి కొండలెక్కడానికి చేసిన బైకు. ఏడాదిగా అది ఎక్కిన కొండ ఆఫీసు పార్కింగ్ ర్యాంపు ఒక్కటే. ఇప్పుడు రోడ్డు మీద తిరగడానికి చిన్న చక్రాలు ఇంకో జత కొన్నాడు.

"చిన్న చక్రాలేస్తే బండి ఎత్తు తగ్గుతాది సార్. సైడ్ స్టాండు కూడా కొంచెం కొయ్యాల," అంది తంగమ్మ.

"వీడియోలో అలా చెప్పలేదక్కా. చక్రాలు మార్చండి, చాలు."

"సరే సార్. వీడియో చెప్పందే బండికి మాత్రం ఎట్టా తెలుస్తాది?"

చక్రాలు బిగించింది. వంశీకృష్ణ బండికి స్టాండు వేసి, ఫోటో కోసం నాలుగడుగులు వెనక్కి నడిచాడు. స్టాండు పొడవెక్కువై నిటారుగా నిలబడ్డ బండి, పక్కనుంచి బస్సు పోయిన గాలికే అవతలివైపు పడిపోయింది.

ఇద్దరూ కలిసి లేపారు. "కోసెయ్యండక్కా," అన్నాడతను, ఫోను జేబులో పెట్టుకుని.

ఆమె కొలిచి కోసింది.

"మళ్లీ పాత చక్రాలు వేస్తే?"

"అప్పుడు ఈ స్టాండు పొట్టిదయిపోతాది. స్టాండు కూడా ఇంకోటి కొనుక్కోండి సార్."