కాటా బాబాయి తీర్పు

కాటా బాబాయికి లోకంలో ఏ కాటా మీదా నమ్మకం లేదు. ముప్పయ్యేళ్ళుగా కాటాలు బాగుచేసి బతుకుతున్న మనిషి, ఏ కాటా కనబడినా దొంగను చూసినట్టు చూసేవాడు. “ఇది అబద్ధమాడుతోంది” అని తేల్చాకే మిగతా మాటలు.

ఆ అబద్ధాన్ని ఆయన సవరించే తీరే వేరు. వదిన ఎక్కితే, “నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తోంది వదినా, స్ప్రింగు సాగింది” అనేవాడు. వెంటనే బక్కపలచని మేనల్లుడు ఎక్కితే, “మూడు కిలోలు తక్కువ చూపిస్తోందిరా, స్ప్రింగు బిగుసుకుంది!”

“ఇంతలోకేనా మావయ్యా?”

“స్ప్రింగన్నాక దాని ఇష్టం దానిది!”

ఒకసారి ఆస్పత్రిలో కాటా కిందికి దూరి స్క్రూలు విప్పబోయాడు. “పేషెంట్లు నిలబడున్నారండీ” అని నర్సు లబలబలాడింది. “నిలబడనీ అమ్మా, అదీ ఒంటికి మంచిదే” అన్నాడు, బయటికి రాకుండానే.

ఆయన అన్నగారమ్మాయి డ్రాయింగు టీచరు. నిరుడు ఆర్నెల్లపాటు మంచం దిగలేదు, రంగుల డబ్బా మూత తీయలేదు. డిప్రెషన్ అని డాక్టరమ్మ మాత్రలు రాసింది. మెల్లగా లేచింది, బడికి వెళ్ళింది, కూరలో ఉప్పు లేదని వాళ్ళమ్మతో పోట్లాడింది కూడా. ఆ పోట్లాటకు ఇంటిల్లిపాదీ పొంగిపోయారు.

అయితే ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు పెరిగింది. ఒక ఆదివారం పొద్దున కాటా దిగి, మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేయబోయింది.

“ఇక చాలమ్మా! ఒక్క డ్రెస్సూ పట్టడం లేదు. అద్దం చూడాలంటేనే ఏడుపొస్తోంది.”

తల్లి ఆ అట్ట లాక్కుంది. పక్కవీధికి పరుగెత్తి మరిదిని పిలుచుకొచ్చింది. ఆయన తూకం రాళ్ళ సంచితో దిగాడు.

“చెప్పు బాబాయ్, ఎన్ని కిలోలు తగ్గిస్తావ్?” అంది పిల్ల వెటకారంగా. తగ్గిస్తే బాగుండునని లోపల ఆశే.

బాబాయి రాయి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“కరెక్టుగానే ఉంది తల్లీ.”

వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పిల్ల కళ్ళు నిండాయి.

“అందరికీ అబద్ధం చెప్తావ్, నాకొక్కదానికేనా నిజం?”

“వాళ్ళు నవ్వుకుని పోతారు. నువ్వు మాత్రలు పారేస్తానంటున్నావ్. ఏడు కిలోలు పెరిగావ్, నిజమే. మంచం దిగావ్, అదీ నిజమేగా? వదినా, రెండు గ్లాసుల నీళ్ళివ్వు.”

జేబులోంచి ఆయనా ఒక మాత్రల అట్ట తీశాడు.

“నీకూనా?”

“తొమ్మిదేళ్ళ నుంచీ. మొదటి మందుకి బాగా ఒళ్ళొచ్చింది. డాక్టర్ని అడక్కుండా మానేశా. నెల తిరక్కుండా స్క్రూడ్రైవర్ పట్టుకునే ఓపిక కూడా పోయింది. మీ పిన్ని లాక్కెళితే మందు మార్చారు, బరువు ఆగింది. అప్పట్నుంచీ కాటా ఎక్కి ఎవరి మొహం చిన్నబోయినా చూడలేనే!”

“విటమిన్లన్నావు కదయ్యా!” అంది వదిన.

“అదొక్కటే వదినా, నా కోసం నేనాడిన అబద్ధం.” అని పిల్ల వైపు తిరిగాడు. “రేపు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. మందు మారుస్తుందో, ఇంకేం చెప్తుందో, ఆవిడనే అడుగుదాం. ఇవాళ్టిది మాత్రం మింగు.”

“నువ్వు ముందు.”

“కలిసే మింగుదాం. ఒకటీ, రెండూ, మూడూ!”

ఆమెది చక్కగా దిగింది. బాబాయికి పొలమారింది. ఆయన నెత్తిన తడుతూ ఆమె పకపకా నవ్వింది.