రుక్కమ్మ చూడదలచిన సముద్రం

2025 జూలై 28, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. గద్వాల రైల్వే స్టేషనులో సన్నని తుంపర పడుతున్నది. టికెట్ల కిటికీ వద్ద నా ముందు నిలిచినవారు గట్టు మండలపు రైతు దంపతులు మాసయ్య, రుక్కమ్మ. చక్కెర వ్యాధి రుక్కమ్మ కన్నులను తినివేస్తున్నది. చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని వైద్యుడు అన్నప్పటినుండి ఆమె కోరినది ఒక్కటే: అది పోకముందే గోవా వెళ్లి సముద్రం చూడాలి.

"ఏ తారీకుకు, పెద్దాయనా? జర జల్ది చెప్పు" అన్నాడు గుమాస్తా.

"దీపావళి అయినంక ఇయ్యి సారూ" అన్నాడు మాసయ్య.

రుక్కమ్మ ఉలిక్కిపడింది. "ఈ బేస్తారమే పోదామంటివి గదయ్యా ఇంట్ల!"

"పొద్దుగాల చేన్ల చూసిన, పూత ముందే వచ్చింది. నువ్వు లేకుంటే మొగ్గలెవ్వరు గిల్లాలె? కూలోళ్లు గిల్లితే సగం రాల్తయి. సముద్రం యాడికన్న పోతదా?"

"సముద్రం పోదు, పోయేటివి నా కండ్లు. నీ పత్తిపువ్వుకున్న మర్యాద నా కండ్లకు లేకపాయె!"

వరుసలోనివారు నవ్వినారు.

విత్తన పత్తిలో సాయంత్రం మొగ్గను ఒలిచి, పుప్పొడి కాడలను గోటితో తీసి, మరునాటి ఉదయం వేరొక రకపు పువ్వును దానికి తాకించాలి. ఒక్క పూట తప్పితే ఆ పువ్వు దక్కదు. రుక్కమ్మ గిల్లిన మొగ్గ చెడదని ఊరిలో పేరు. మాసయ్య దయలేనివాడు కాడు. పెళ్లయినా, జాతరయినా, దవాఖానయినా పంట చేతికందిన తరువాతనే అనే ఇంట పుట్టినవాడు. ఆమె కంటి చికిత్సను సైతం ఆ అలవాటు చొప్పుననే దీపావళి తరువాతకు వాయిదా వేసినాడు.

"అప్పటియి ఇప్పుడియ్యరాదు. రెండు నెలల ముందుగాల రా" అన్నాడు గుమాస్తా.

"గట్లనే కానియ్యి. ఒక్క కన్నన్న మిగుల్తదేమో" అన్నది రుక్కమ్మ. ఇద్దరూ ఉత్తచేతులతో వానలోకి నడిచినారు.

తరువాతి సంగతి జనవరిలో మాసయ్యే గద్వాల బజారులో కనబడి చెప్పినాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మొగ్గలు గిల్లుతుండగా ఆమె కుడికన్ను చీకటయింది. మిగిలిన కంటితో ఆమె ఆ మొక్కల సాలు చివరిదాకా గిల్లి ముగించింది. దీపావళి నాటికి ఆ కన్నూ పోయింది. చికిత్సకు సమయం దాటిపోయిందన్నారు. నవంబరులో గోవా వెళ్లినారు. మోకాలిలోతు నీటిలో నిలబడి ఆమె "ఏ రంగుంది?" అని అడిగింది.

ఈ ఏడు వానలకు మాసయ్య విత్తన పత్తి వేయలేదు, కంది వేసినాడు. రుక్కమ్మ ఇంటనే ఉన్నది.