తోడల్లుడి కయాక్

మా లఫూర్ష్ బయూ అనే ఈ నిదానపు వాగు ఒడ్డున ఎల్ఫేజ్ షెరామీ పేరు చెబితే అందరూ మంచివాడనే అంటారు. నేనూ కాదనను. కాకపోతే మా వంటింటి కిటికీ అతని ఇంటివైపు తెరుచుకుంటుంది కాబట్టి ఊరికి తెలియనిది నాకు కొంచెం తెలుసు. ఆ మంచివాడు ఏడాదిపాటు కడుపులో కుంపటి పెట్టుకుని తిరిగాడు. ఆ కుంపటి పేరు జెర్వే. సొంత తోడల్లుడు.

ఎల్ఫేజ్ పుట్టింది ఈ ఒడ్డునే, రొయ్యలు పట్టేవాళ్ల ఇంట్లో. పద్నాలుగో ఏట పడవెక్కాడు, యాభై తొమ్మిదో ఏట కుడి భుజం విరిగి దిగాడు. మనుషులతో మాట తక్కువ. బాతులతో అలా కాదు. రెండు అరచేతులూ నోటికి అడ్డంపెట్టి పిలిచాడంటే, ఎటో పోతున్న గుంపు రెక్కలు వంచి వెనక్కి తిరుగుతుంది. అది ఎవరూ నేర్పింది కాదు. చిన్నప్పుడు మా పెరట్లో కోళ్లని కూడా అలాగే మోసం చేసేవాడు.

అతని ఇల్లు, తుఫాన్లకి భయపడి మేమంతా కట్టుకున్నట్టే, ఎత్తయిన స్తంభాల మీద ఉంటుంది. ఇంటి కింద దూలాలకి ఒక దోనె వేలాడుతుంది. సైప్రస్ మాను ఒక్కటే తొలిచి చేసిన దోనె. మామగారు తియోజెన్ ఒక ఏడాది కూర్చుని చెక్కి, పెద్ద కూతురు ఓడీల్ పెళ్లిలో పెద్దల్లుడు ఎల్ఫేజ్‌కి ఇచ్చాడు. చిన్నకూతురు మెల్బా పెళ్లినాటికి ఆయన చేతులు వణికేవి. అందుకని చిన్నల్లుడు జెర్వేకి గోడ గడియారం ఇచ్చాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నవంబరులో బాతుల వేట తెరిచిన మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే అత్తగారు క్లోతీల్డ్ బాతుల గంబో, అంటే చిక్కటి పులుసు, వండుతుంది. నూనెలో పిండి మాడకుండా ముదురు గోధుమరంగు వచ్చేదాకా గంటసేపు తిప్పుతుంది. ఆ గంటా ఎవరూ ఆవిడతో మాట్లాడకూడదు. గంబో అయ్యాక కందనకాయలన్నీ ఏరి, ఎవరు ఎక్కువ బాతులు తెచ్చారో వాళ్ల గిన్నెలో పోస్తుంది. మిగతావాళ్లకి మాంసం, పులుసు, అన్నం. ముప్పై ఒక్క ఏళ్లు ఆ గిన్నె ఎల్ఫేజ్‌దే. మామగారు పోయాక ఆయన కుర్చీ కూడా ఆ గిన్నె వెంటే ఎల్ఫేజ్‌కి వచ్చింది.

కిందటేడు ఆ గిన్నె జెర్వేకి వెళ్లింది.

తప్పు ఎవరిదీ కాదు. బాతులు దిగే వెనక మడుగుకి పోయే కాలువంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. సైప్రస్ దోనెని దాని మీదుగా ఈడ్చుకుపోవాలంటే రెండు మంచి భుజాలు కావాలి. ఎల్ఫేజ్‌కి ఒకటే ఉంది. కాలువ మొదట్లోనే ఇరుక్కుపోయి రెండు బాతులతో తిరిగొచ్చాడు. జెర్వే మాత్రం కొత్తగా కొన్న తేలికపాటి ప్లాస్టిక్ పడవ, కయాక్‌ని కుక్కపిల్లని లాక్కెళ్లినట్టు తాడుతో లాక్కెళ్లాడు. చట్టం ప్రకారం మనిషి రోజుకి ఆరు బాతుల కన్నా ఎక్కువ కొట్టకూడదు. ఆరూ కొట్టి తెచ్చాడు. ఆ ఆదివారం క్లోతీల్డ్ గరిటె జెర్వే వైపు తిరిగినప్పుడు నేను ఎల్ఫేజ్ మొహమే చూస్తున్నాను. బాతు ఎముక గొంతులో అడ్డంపడ్డవాడిలా ఉన్నాడు. ఇంకా ఒక్క ముద్దయినా తినలేదప్పటికి.

ఆ తర్వాత ఏడాదంతా జెర్వే కయాక్ మీదే అతని కళ్లు. జెర్వే పనికెళ్లగానే పక్కనే ఉన్న వాళ్లింటి కారు షెడ్డులోకి దూరి, టేపు పెట్టి కొలవడం నేను రెండుసార్లు చూశాను. రెండోసారి పలకరించాను కూడా. అత్తయ్యకి మంచం చేయిద్దామని కొలతలు తీస్తున్నానన్నాడు. పన్నెండడుగుల మంచమా అని అడిగితే టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరు చివర్లో ఒక పొద్దున ట్రక్కు తీశాడు. పెళ్లానికి ఇంజను నూనె కోసమని చెప్పాడు. నాకూ హోమా పట్నంలో పనుందని ఎక్కి కూర్చున్నాను. పనేమీ లేదు. అది అతనికీ తెలుసు.

అతను బండి ఆపిన పడవల షాపులో పిల్లకి చాలా ఓపిక. పడవ గురించి ఒక్కమాట చెప్పకుండా ముందు ప్రశ్నలడిగింది. మీ బరువెంత, తుపాకీ, తూటాలు, ఎర కోసం నీళ్లలో వదిలే బొమ్మ బాతులు అన్నీ కలిపి ఎంత మోస్తారు, కుక్కని తీసుకెళ్తారా, నీళ్ల లోతెంత, లాక్కెళ్లాల్సిన చోట్లున్నాయా. ఎల్ఫేజ్ ఒక్కదానికీ జవాబివ్వలేదు.

"పన్నెండడుగుల కన్నా పొడుగున్నది చూపించమ్మా" అన్నాడు.

ఆ పిల్ల పద్నాలుగడుగులది చూపించింది. చూపిస్తూనే వద్దంది. అది పెద్ద నీళ్లలో దూరాలు పోవడానికి చేసిందట. సన్నంగా ఉంటుంది. పక్కకి తిరిగి తుపాకీ పేల్చారంటే ఆ తన్నుకే బోర్లాపడుతుంది. బాతులకైతే పదడుగులు చాలు, వెడల్పు మాత్రం మూడడుగులుండాలి, అడుగు బల్లపరుపుగా ఉండాలి, పైన కూర్చునే రకమైతే ఎక్కిన నీళ్లు కన్నాల్లోంచి వాటంతటవే పోతాయి అని చేత్తో తట్టి మరీ చూపించింది. నాకు కూడా అర్థమైంది.

"మా దోనె కూడా సన్నమే. నలభై ఏళ్లు నిలబడి గడేశాను" అన్నాడతను.

"ఇది దోనె కాదు బాబాయ్" అంది ఆ పిల్ల.

వినిపించుకోలేదు. మిగతా సరంజామా కూడా అదే లెక్కన తీశాడు. జెర్వేకి బొమ్మ బాతులు డజనుంటే ఇతను పద్దెనిమిది తీసుకున్నాడు. జెర్వే తెడ్డు కన్నా జానెడు పొడుగు తెడ్డు. జెర్వేకి లేని గడ్డిరంగు టోపీ. లైఫ్ జాకెట్ మాత్రం వద్దన్నాడు. నేనే తీసి బల్ల మీద పెట్టాను. తూటాలు తీసి పెట్టెలో పెట్టిన తుపాకీ నీళ్లపాలు కాకుండా పడవకి కట్టే తాడొకటి గోడకి వేలాడుతుంటే, అది జెర్వే దగ్గరుందో లేదో గుర్తురాక చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి వదిలేశాడు.

మర్నాడు సాయంత్రం ఇంటి వెనక నీళ్లలో పరీక్ష. సరిగ్గా జెర్వే పనినుంచి వచ్చే వేళకే పెట్టుకున్నాడు, చూడాలని. ఓడీల్, మెల్బా, నేను గట్టు మీద కుర్చీలు వేసుకున్నాం. బొమ్మ బాతులన్నీ ఎక్కించుకున్నాడు. నా పోరు పడలేక జాకెట్ తొడుక్కున్నాడు. తుపాకీ తేనందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెడతాను. ఒడ్డు విడిచి పదిగజాలు తెడ్డు వేసుకుంటూ బాగానే పోయాడు. అంతలో జెర్వే తన గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

అతన్ని చూడగానే ఎల్ఫేజ్ లేచి నిలబడ్డాడు.

మా వైపు మగవాళ్లెవరైనా అదే చేసేవాళ్లు. దోనెలో కూర్చునేది పిల్లలూ, ముసలివాళ్లూ, ఊరు చూడ్డానికొచ్చినవాళ్లూను. మగాడన్నవాడు నిలబడి గడ వేస్తాడు. తోడల్లుడి ముందు కూర్చోవడం అతని వల్ల కాలేదు. నిలబడ్డం వరకు నిలబడ్డాడు, ఒకటీ రెండూ లెక్కపెట్టేంతసేపు. తర్వాత కయాక్ ఒక పక్కకీ మనిషి ఒక పక్కకీ పోయారు.

జాకెట్ మనిషిని తేల్చింది. బొమ్మ బాతులు వాటంతటవే తేలాయి. పద్దెనిమిదీ వరసగా, పెళ్లికి పోతున్నట్టు, జెర్వే గట్టు ముందునుంచి సాగిపోయాయి. మెల్బా నవ్వు ఆపుకోలేక ఏప్రన్ అంచు మొహం మీదికి లాక్కుంది. జెర్వే నవ్వలేదు. తన కయాక్ నీళ్లలోకి తోసుకొచ్చి, ముందు తోడల్లుణ్ణి ఒడ్డుకి చేర్చి, మళ్లీ వెళ్లి బాతుల్ని ఒక్కొక్కటే ఏరుకొచ్చాడు. గోనెలో వేస్తూ లెక్కపెట్టాడు.

"పద్దెనిమిదా అన్నయ్యా? నా దగ్గర పన్నెండే" అన్నాడు. ఆ గొంతు నాకు కొత్తగా వినబడింది. అంతవరకు కుళ్లు ఒక్క ఇంట్లోనే ఉందనుకున్నాను.

ఎల్ఫేజ్ బూట్లలోంచి నీళ్లు వంపుకుంటున్నాడు.

"ఒకమాట చెప్పనా?" అన్నాడు జెర్వే. "నా కయాక్ నువ్వు ఉంచేసుకో. తెడ్డు, పైన కప్పుకునే వల, తాడు అన్నీ ఇస్తాను. మామయ్య దోనె నాకియ్యి."

"దోనె ఎందుకు నీకు? దాన్ని లాగలేక కదా జనం ఇవి కొంటున్నారు."

"లాగను. ఊరికే ఉంచుకుంటాను."

"నీకు గడియారం ఇచ్చాడుగా ఆయన."

"అది ఆగిపోయి పందొమ్మిదేళ్లయింది" అన్నాడు జెర్వే.

ఎల్ఫేజ్ బూట్లు చేత్తో పట్టుకుని, తడి మేజోళ్లతోనే మెట్లెక్కి ఇంట్లోకి పోయాడు. ఆ రాత్రే కాబోలు, దోనెకి కొత్త గొలుసు పడింది. పొద్దున నేను చూసేసరికి తాళం కూడా ఉంది.

మూడ్రోజులు ఆ కయాక్ ఒడ్డునే బోర్లా పడుంది. నాలుగోరోజు నేనే అడిగాను, గిన్నె కావాలా, పొడుగు కావాలా అని. ఎల్ఫేజ్ ట్రక్కు తాళాలు తీశాడు.

షాపు పిల్ల తడిసిన పడవని వెనక్కి తీసుకోనంది. ఎల్ఫేజ్ వెళ్లిపోలేదు, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆ పిల్లే, వచ్చిపోయేవాళ్లకి అద్దెకి తిప్పిన పాతదొకటి ఉందని బయటికి తెచ్చింది. పదడుగులు, మూడడుగుల వెడల్పు, వెలిసిపోయిన ఎరుపు. దానికి మార్చుకోమంది. ఈసారి అడిగిన ప్రశ్నలన్నిటికీ ఎల్ఫేజ్ బడిపిల్లాడిలా జవాబు చెప్పాడు. తన బరువు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్ను బయటికి పొమ్మన్నాడు. తలుపు దగ్గర నిలబడితే వినిపించింది. బొమ్మ బాతుల్లో ఆరు తిరిగిచ్చేశాడు, బరువు తగ్గుతుందని. తుపాకీ తాడు తీసుకున్నాడు. కూర్చుంటే నడుం పట్టేయకుండా వెనక ఆనుకునే సీటొకటి తీసుకున్నాడు. ఎరుపు కనబడకుండా ఓడీల్ దగ్గరున్న పాత గోనెలు నేనే కుట్టి తొడుగు చేశాను. దాని మీద రెల్లు గుచ్చుకున్నాం. నీళ్లలో పెడితే పడవ కాదు, గడ్డిదుబ్బు.

ఇక మిగిలింది మనిషిని కూర్చోబెట్టడం. రోజూ సాయంత్రం నీళ్లలో దిగేవాడు, లేవబోయేవాడు. ఓడీల్ గట్టు మీదనుంచి, "చర్చిలో రెండు గంటలు కూర్చుంటావుగా, అలాగే కూర్చో" అని గదమాయించేది. చర్చిలో నిద్రపోతాను కదే అనేవాడు. పదిరోజులకి మోకాళ్లు మాట విన్నాయి.

వేట తెరిచిన శనివారం నేను అక్కడ లేను. కాబట్టి ఇద్దర్నీ విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ఇద్దరి మాటా ఒకటే అయింది, అందుకని నిజమే అయుండాలి. మడుగుకి ఈ చివర జెర్వే, ఆ చివర ఎల్ఫేజ్. నీలిరెక్క బాతులు మొదట జెర్వే వైపే దిగబోయాయి. ఆ చివర గడ్డిదుబ్బులోంచి పిలుపు వినిపించింది. అంతే, గుంపంతా అటు తిరిగింది. కిందటేడు మడుగంతా తనొక్కడిదే కాబట్టి జెర్వేకి పిలవాల్సిన పని పడలేదు. ఇప్పుడు పిలుద్దామని నోటికి చేతులడ్డం పెట్టుకుంటే, వచ్చిన చప్పుడుకి ఉన్నవి కూడా లేచిపోయాయట. ఎనిమిదయ్యేసరికి ఎల్ఫేజ్‌కి ఆరు. మధ్యాహ్నందాకా కూర్చుంటే జెర్వేకి నాలుగు.

ఆదివారం గంబో. నన్ను ఎప్పుడూ పిలుస్తారు, పిలవకపోయినా వెళ్తాను. పది బాతుల కందనకాయలు, పదీ నల్లగా నిగనిగలాడుతూ, ఎల్ఫేజ్ గిన్నెలో పడ్డాయి. మామగారి కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. చెంచా ముంచాడు.

జెర్వే గాలి పీల్చుకుని వస్తానని లేచి కిందికి వెళ్లాడు.

చెంచా ఇంకా నోటిదాకా రాలేదు. నేల చెక్కల కిందనుంచి చిన్న చప్పుడు వచ్చింది. టక్. కాస్త ఆగి మళ్లీ టక్ టక్. సైప్రస్ చెక్క పుచ్చిందో గట్టిగా ఉందో చూడ్డానికి మా వైపు వేలి కణుపుతో అలాగే కొడతారు. ఎల్ఫేజ్ చెంచా గిన్నెలో పెట్టేసి మెట్లు దిగాడు.

నేను వరండాలోకి వెళ్లి వంగి చూశాను. జెర్వే దోనె మొన మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రెండో మొన మీద చెయ్యి వేసి ఎల్ఫేజ్ నిలబడ్డాడు. జెర్వే ఏదో అడిగాడు. ఎల్ఫేజ్ తల అడ్డంగా ఊపాడు. చేతులు మాత్రం ఇద్దరూ తియ్యలేదు.

లోపలికొస్తే క్లోతీల్డ్ ఆ గిన్నె తన ముందుకి జరుపుకుని ఉంది.

"ఎర్లీనూ, ఎనభై ఎనిమిదేళ్లొచ్చాయి నాకు. ఇవెలా ఉంటాయో తెలీదు" అంది నాతో. "మా ఆయనకి పెట్టాను, వీడికి పెట్టాను, వాడికి పెట్టాను. చల్లారితే పాడైపోతాయి. చెంచా తెచ్చుకో."

చెరో అయిదూ తిన్నాం. మెత్తగా, కొంచెం ఇసుక రుచితో, ఇన్నేళ్లూ మగవాళ్లు ఎందుకు దాచుకున్నారో అప్పుడర్థమైంది. నాకు ఎల్ఫేజ్ మీద ఆ క్షణాన కాస్త కుళ్లు పుట్టింది కూడా, ముప్పై ఒక్క గిన్నెలు లెక్కేసుకుని.

చాలాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. క్లోతీల్డ్ గిన్నెని మళ్లీ ఎల్ఫేజ్ చోటుకి జరిపేసింది. ముందు జెర్వే, తోడల్లుణ్ణి దోనె దగ్గర ఒంటరిగా వదలకూడదని వెనకాల ఎల్ఫేజ్. ఎల్ఫేజ్ తన కుర్చీలో కూర్చుని, గిన్నెలో మిగిలిన పులుసూ అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. కళ్లు మాత్రం జెర్వే కుర్చీ మీదినుంచి తలుపు మీదికీ, తలుపు మీదినుంచి మెట్ల మీదికీ తిరుగుతున్నాయి.

"కందనకాయలు ఎలా ఉన్నాయి బాబూ?" అని అడిగింది క్లోతీల్డ్.

"బాగున్నాయి అత్తయ్యా" అన్నాడు.