నా వ్యాసం, మేనేజరు గారి పేరు

ఆ రోజుల్లో నాకు కోపం వస్తే ఎవరికీ తెలిసేది కాదు. పెదవులు బిగించుకుని గదికి పోయి డైరీలో రెండు పేజీలు నింపేదాన్ని. మరునాడు అదే మనిషికి "నమస్తే సార్" అనేదాన్ని. నరసరావుపేటలో బ్యాంకు గుమాస్తాగా చేరిన రెండో ఏడు నింపిన పేజీలు ఇప్పుడు చదివినా చెవులు వేడెక్కుతాయి.

మా బ్యాంకు పత్రిక వ్యాసాల పోటీ పెట్టింది. దేశదేశాల బ్యాంకు చట్టాలను పోల్చి రాయాలి. శనివారం ఒంటిపూట పని కాగానే గుంటూరు బస్సెక్కి, లైబ్రరీలో కూర్చుని మూడు నెలలు రాశాను. అదెంత సరదా విషయమో ఎవరికి చెప్పను? ఇంగ్లండులో చాలాకాలం బ్యాంకులను అదుపు చేసే చట్టమంటూ పెద్దగా లేదు. మన రిజర్వు బ్యాంకులాంటి అక్కడి పెద్ద బ్యాంకు గవర్నరు కనుబొమ్మ పైకెత్తితే చాలు, మిగతావాళ్లు సర్దుకునేవారట. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బ్యాంకు రెండో బ్రాంచి తెరవకూడదు (ఆ లెక్కన మా మాచర్ల బ్రాంచికి తలుపే ఉండదు). స్విట్జర్లాండులో ఖాతాదారు గుట్టు బయటపెట్టిన గుమాస్తాకు జైలు (మా క్యాషియరు బాబాయికైతే యావజ్జీవమే). నాకు బహుమతి అక్కర్లేదు. అచ్చులో నా పేరు చూసుకోవాలి, ఒక్కసారి.

మేనేజరు గారు వ్యాసం తిరగేసి, "బాగానే ఉందమ్మాయ్. కానీ ఆడపిల్ల పేరు మీద ఇంగ్లండు చట్టమంటే పైవాళ్లు నవ్వుతారు. బ్రాంచి నుంచి పోయే కాగితం నా పేరు మీదే పోవాల. మొదటి పేజీ మళ్లీ టైపు చెయ్" అన్నారు. చేశాను! నా వేళ్లతో నేనే ఆయన పేరు టైపు చేశాను, పక్కన ఆయన డిగ్రీలతో సహా. చివరి అక్షరం ఎంత గట్టిగా కొట్టానంటే కాగితానికి చిల్లు పడింది. అదీ మళ్లీ చేయించారు.

ఆ వ్యాసానికే మొదటి బహుమతి వచ్చింది. ఖాతాదారుల సభ పెట్టి, పెద్దాఫీసు అధికారి ముందు మేనేజరు గారు దాన్ని గంభీరంగా చదివారు. చప్పట్లయ్యాక లారీలు బాగుచేసే షెడ్డు చాచా లేచాడు. "సార్, అమెరికాలో బ్యాంకు మునిగితే జనం డబ్బు ఏమవుద్ది? మన కాడ ఏమవుద్ది?"

"అదీ... ఫైల్లో ఉంది" అన్నారు మేనేజరు గారు.

ఒళ్లు మండి ఎప్పుడు లేచానో తెలియదు. రెండు చోట్లా డిపాజిట్లకు ఒక హద్దు దాకా బీమా ఉందనీ, మన దగ్గర మునగబోయే బ్యాంకును ఇంకో బ్యాంకులో కలిపేయడం ఎక్కువనీ గడగడా చెప్పేశాను. అధికారి నా వైపు తిరిగి, "ఈ వ్యాసం అసలు రాసిందెవరమ్మా?" అని అడిగారు. నిజం చెప్పుకోమని దేవుడే కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

నా నోరు ఏమందో తెలుసా? "మేనేజరు గారే సార్."

మర్నాడు చాచా కౌంటరు దగ్గరికొచ్చి నిలదీశాడు. "ఏందమ్మా, అంత చెప్పినదానివి, నాదేనని ఒక్క ముక్క అనలేకపోయావా? నా స్పానరు ఎవడన్నా తీస్తే బజారు అదిరేటట్టు అరుస్తా నేను!" ఆ సాయంత్రం డైరీలో మేనేజరు గారికి ఒక పేజీ, నాకు ఐదు పేజీలు తిట్లు.

నెల తర్వాత పత్రిక వచ్చింది, ఆయన ఫోటోతో. బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. లెడ్జరులో తప్పు పడితే చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టేసి, పైన సరైనది రాసి, పక్కన అధికారి పొట్టి సంతకం చేయించాలి. అప్పుడే దిద్దుబాటు చెల్లుతుంది. నేను స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆయన పేరు మీద గీత గీశాను. పైన నా పేరు రాశాను. పత్రికను ఆ పేజీ దగ్గర తెరిచి, మేనేజరు గారి సంతకానికి పోయే లెడ్జర్ల మధ్య ఇరికించాను. ఆయన ఎవరితోనో మిర్చి ధర మాట్లాడుతూ, చూపు తిప్పకుండా వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయారు. దాని మీదా పెట్టారు, సరిగ్గా నా పేరు పక్కనే.

ఆ ప్రతి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎవరికీ చూపించలేదు, ధైర్యం చాలక. ఒంట్లో అంత మంట పెట్టుకుని, గీత వంకర పోకుండా స్కేలు వెతుక్కున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. లోకంలో నీ ఒక్కదానికే తెలిసిన గెలుపుకి కూడా పైఅధికారి సంతకం కావాల్సి వచ్చిందటే, పిచ్చిదానా!